మంచు పడని ఏడు కథ ఎప్పుడు చెప్పాలి?

తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. తెల్లవారి గడ్డిపోచ మీద నిలిచే నీటి బొట్టు మంచే. లోయ నిండా పాలు పోసినట్టు కమ్ముకునేదీ మంచే. పుష్యమాసంలో లంబసింగి వైపు పొలాల్లో ఉప్పు చల్లినట్టు పేరుకునేదీ మంచే. సినిమాలో హిమాలయాల మీద కనిపించే తెల్లటి దుప్పటి కూడా మంచే. పుస్తకాల్లో పొగమంచు, హిమం, తుషారం అని వేరు చేసి రాస్తారు గాని సంతలో ఎవరూ అలా మాట్లాడరు. అందుకని ముందే చెబుతున్నాం. ఈ వ్యాసంలో మంచు అన్నప్పుడల్లా ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలి, నేల మీద నిలిచి, పేరుకుపోయే మంచు అని చదువుకోండి. మనలో చాలామంది దాన్ని చూడలేదు. ఇది రాస్తున్న మాలోనూ ఒక్కరే చూశారు, సైన్యంలో పనిచేసి వచ్చినవారు.

చూడని మంచు గురించి మనకెందుకు అని మాలోనే ఒకరు అడిగారు. మాది చిన్న గుంపు. ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పేవాళ్ళం కొందరం, పాటలూ కథలూ సేకరించేవాళ్ళం కొందరం. నెలకోసారి సంత ముగిశాక కూర్చుంటాం. ఒకసారి మాటల్లో న్యూయార్కు సంగతి వచ్చింది. అక్కడి నుంచి మాట మన మామిడికాయ దాకా వచ్చి ఆగింది. ఎలా వచ్చిందో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

న్యూయార్కు సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి సెంట్రల్ పార్కులో 1869 నుంచి వానా మంచూ కొలిచి రాసి పెడుతున్నారు. 2022లో చలికాలం మొదలైంది. డిసెంబరు గడిచింది. జనవరి మొత్తం గడిచింది. కొలవదగ్గ మంచు పడలేదు. చివరికి 2023 ఫిబ్రవరి 1న పడింది, అదీ 0.4 అంగుళం, అంటే ఒక సెంటీమీటరు. చిటికెన వేలి గోరంత. అంతకు ముందు అన్నిటికన్నా ఆలస్యంగా మొదటి మంచు పడింది 1973 జనవరి 29న. ఆ పాత లెక్కను ఈ చలికాలం దాటేసింది. ఆ ఊళ్ళో ఏడాదికి మామూలుగా 30 అంగుళాల దాకా మంచు పడుతుంది. ఆ ఏడు మొత్తం కలిపి 2.3 అంగుళాలే పడింది. అక్కడితో అయిపోలేదు. ఒక్క రోజులో ఒక్క అంగుళం మంచు పడటం కోసం ఆ ఊరు 701 రోజులు చూడాల్సి వచ్చింది. 2024 జనవరి మధ్యలో గాని ఆ ఎదురుచూపు తీరలేదు. అంతకు ముందు అలాంటి ఎడం అన్నిటికన్నా పెద్దది 400 రోజులు, 1998లో ముగిసింది.

ఇది చదివి ప్రపంచంలో మంచే లేకుండా పోయిందని అనుకోవద్దు. అదే 2022 డిసెంబరులో, అదే న్యూయార్కు రాష్ట్రంలో, సరస్సు ఒడ్డున ఉన్న బఫెలో ఊరి మీద నాలుగైదు రోజుల్లో 50 అంగుళాలకు పైగా మంచు పడింది. ఆ తుఫానులో 40 మందికి పైగా చనిపోయారు. న్యూయార్కు నగరం మీద కూడా 2016 జనవరిలో ఒక్క తుఫానుకే 27.5 అంగుళాలు పడ్డాయి. సెంట్రల్ పార్కు లెక్కల్లో అంత పెద్ద మంచు తుఫాను అంతకు ముందు లేదు. కాబట్టి ఒక్క చలికాలాన్ని పట్టుకుని తీర్పు చెప్పలేం. పసిఫిక్ సముద్రం తీరును బట్టి ఒక ఏడు ఒకలా, ఇంకో ఏడు ఇంకోలా ఉంటుంది. కాని ఏళ్ళ వరస చూస్తే దారి ఎటు పోతోందో తెలుస్తుంది.

ఒడ్డు ఊళ్ళకే ఈ చిక్కు ఎందుకు ఎక్కువ? పిల్లలకు చెప్పవలసిన సంగతి కనుక కొంచెం విడమరుస్తాం. చలి దేశాల్లో వాన కూడా పై మేఘంలో చాలాసార్లు మంచుగానే పుడుతుంది. దిగేటప్పుడు కింది గాలి వెచ్చగా ఉంటే కరిగి వాన చుక్క అవుతుంది, చల్లగా ఉంటే మంచుగానే నేల చేరుతుంది. దేశం నడిబొడ్డున సున్నాకు 10 డిగ్రీలు కింద ఉండే చోట గాలి రెండు డిగ్రీలు వేడెక్కినా పడేది మంచే. ఒడ్డున అలా కాదు. సముద్రం ఎండాకాలపు వేడిని దాచుకుని చలికాలంలో మెల్లగా వదులుతుంది. అందువల్ల ఒడ్డు ఊళ్ళో చలి సున్నాకు అటూ ఇటూ గీత మీద నడుస్తుంటుంది. గీత మీద నడిచేవాణ్ణి చిటికెన వేలితో తోసినా పడతాడు. ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే చాలు, మంచు వాన అయిపోతుంది. ఆకాశం నుంచి దిగే నీళ్ళు అవే. కాని ఒకటి నేల మీద నిలుస్తుంది, రెండోది కాలవలో పోతుంది.

ఇక మనుషుల సంగతి. మంచు పడకపోతే న్యూయార్కులో ఏడ్చిందెవరు? పిల్లలు కొంచెం దిగులుపడి ఉంటారు. పెద్దవాళ్ళకు హాయి. గుమ్మం ముందు పారతో తోడే పని లేదు, రోడ్ల మీద ఉప్పు చల్లే ఖర్చు లేదు, జారి పడి కాలు విరగదు. ఎడిసన్ లాంటి ఊళ్ళలో ఉన్న మన తెలుగువాళ్ళు కూడా ఆ చలికాలం హాయిగానే కార్లు నడుపుకున్నారని అనుకోవచ్చు. వాళ్ళను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మా ఊళ్ళో చలి తక్కువైన ఏడు మేమూ ముసలివాళ్ళకు దగ్గు తగ్గిందని సంతోషించాం. పోయినదాని వల్ల సుఖం కలిగితే దాన్ని పోగొట్టుకోవడం అని ఎవరూ అనరు. తిన్నంతసేపు తియ్యగా ఉన్నదాన్ని నష్టం ఖాతాలో రాయడం ఎవరికైనా కష్టమే.

అయితే ఆ ఒడ్డుకు అసలు మనుషులు వేరే ఉన్నారు. న్యూయార్కు, న్యూజెర్సీ, డెలావేర్ నది లోయ అంతా లెనాపే తెగ నేల. మాన్‌హాటన్ అనే పేరు కూడా వాళ్ళ భాషలోదే. 1626లో డచ్చివాళ్ళు 60 గిల్డర్ల సరుకుకు ఆ దీవిని కొన్నామని రాసుకున్నారు. నేలను అమ్మడం, కొనడం అనే ఊహ లెనాపేలకు ఏ రూపంలో ఉండేదో మన 1/70 చట్టం కథ తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. లెనాపేలకూ, ఈశాన్య అమెరికాలోని ఇంకా చాలా తెగలకూ ఒక నియమం ఉంది. కొన్ని కథలు చలికాలంలోనే చెప్పాలి. కొన్ని తెగల్లో అయితే నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలి. ఎండాకాలంలో చెబితే పురుగులు మీద పాకుతాయని ఒకరంటారు, పాములు వచ్చి వింటాయని ఒకరంటారు. ఎండాకాలం పని కాలం, కూర్చుని కథలు చెప్పుకుంటే చేను ఎండుతుంది అని బడి లెక్కన అర్థం చెప్పేవాళ్ళు ఇంకొకరు. కారణం ఏది చెప్పినా నియమం ఒక్కటే. మంచు పడాలి, అప్పుడు తాత నోరు విప్పాలి.

ఇక్కడే మా కూటంలో మాట ఆగిపోయింది. సైన్యంలో చేసినాయన అడిగారు: మరి మంచు పడని ఏడు ఆ తాత ఏం చెయ్యాలి?

మామిడికాయ సంగతి ఇప్పుడు చెప్పాలి. మాలో ఒకరు మూడో తరగతికి పాఠం చెబుతారు. మార్చి నెలలో మొక్కల భాగాల పాఠం వచ్చింది. పాఠం రుచిగా ఉండాలని నాలుగు లేత మామిడికాయలు కోసి, ఉప్పూ కారం అద్ది పిల్లలకు పంచారు. ఒక పాప నోరు గట్టిగా మూసుకుంది. ఎందుకు తినవు అంటే మాట్లాడలేదు. ఇది మూఢనమ్మకం, కాయకు పండుగ తెలుసా అని ఆయన నవ్వారు. మిగతా పిల్లలూ నవ్వారు. పాప నాలుగు రోజులు బడికి రాలేదు. అయిదో రోజు పాప అవ్వ వచ్చింది. తిట్టలేదు. "బాబూ, నువ్వు మన పిల్లోడివే కదా. మీ ఊళ్ళో కొత్త అయిపోయిందా?" అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. హాస్టల్లో చదివిన పన్నెండేళ్ళు, ఆ తరవాత పట్నంలో చదివిన రెండేళ్ళు, కొత్త ఎప్పుడు అవుతుందో ఆయన పట్టించుకోలేదు. కాయ దొరికినప్పుడల్లా తిన్నారు. ఈ మాట ఆయనే రాయమన్నారు, అందుకే రాశాం.

మైదాన ప్రాంతం నుంచి వచ్చిన మాస్టార్ల కోసం ఒక మాట. పాడేరు, అరకు వైపు ఊళ్ళలో మామిడి గాని, చిక్కుడు గాని, కంది గాని కొత్తగా కాస్తే ముందు కొత్తల పండుగ చెయ్యాలి. దేవతకూ, పోయిన పెద్దలకూ పెట్టాలి. ఆ తరవాతే నోట్లో పెట్టుకోవాలి. రోజు ఎప్పుడో దిసారి చెబుతాడు, బారిక ఊరంతా చాటుతాడు. ఊరిని బట్టి రోజు మారుతుంది. కాయ ఉంది గదా అని తినెయ్యడం కాదు, ఊరందరికీ ఆ కాయ వచ్చిందని ఒప్పుకున్నాక తినడం. ఆదిలాబాద్ గోండుల్లోనూ ఇలాంటి కట్టు ఉంది. పెర్సా పేన్ కథను ప్రధాన్లు కీక్రి వాయిస్తూ ఎప్పుడు పడితే అప్పుడు పాడరు, కొలుపు వేళ ఉంటుంది. గుస్సాడి టోపీ దండారి రోజుల్లోనే తలకెక్కుతుంది. ఇప్పుడు వేదికల మీద ఏ నెలలోనైనా ఎక్కిస్తున్నారు. అది వేరే వ్యాసం.

అక్కడ మంచుకు కథ కట్టి ఉంది. ఇక్కడ పూతకూ కాయకూ పండుగ కట్టి ఉంది. కొన్నేళ్ళుగా మా ఊళ్ళలో పూత ముందు వెనకలవుతోంది. ఒక ఏడు చలి సరిగ్గా పట్టక పూత పలచగా వచ్చింది. ఇంకో ఏడు కాయ తొందరపడి, దిసారి చెప్పిన రోజుకు ముందే గాలికి రాలింది. రాలిన కాయను మేకలు తిన్నాయి, పిల్లలు చూస్తూ ఉన్నారు. కాలం మాట తప్పింది. మరి ఆ కాలానికి కట్టుబడి ఉంటామని మనం ఇచ్చిన మాట సంగతేమిటి?

మాలో కుర్రవాడొకడు తేల్చేశాడు. మాట ఇద్దరి మధ్య ఉంటుంది, ఒకరు తప్పితే రెండోవారికి విడుదల. సావుకారు బస్తా ఇస్తానని ఇవ్వకపోతే నేను అప్పు కడతానా? మంచు రాలేదు కాబట్టి నియమం లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు కథ చెప్పుకోవచ్చు. పూత తప్పింది కాబట్టి కొత్త లేదు, కాయ తినొచ్చు. వినడానికి నేరుగానే ఉంది. కాని మంచు ఎన్నడూ ఎవరికీ మాట ఇవ్వలేదు. మామిడి చెట్టు కూడా ఇవ్వలేదు. ఆ మాట ఇచ్చుకున్నది మనుషులు, ఒకరికొకరు, పోయిన పెద్దలకూ రాబోయే పిల్లలకూ. మంచు ఆ మాటకు సాక్షి. సాక్షి చచ్చిపోతే అప్పు తీరిపోతుందా? కాగితం లేని అప్పులు ఎరిగిన మనకు దీనికి జవాబు తెలుసు. సాక్షి పోయాడని ఎగ్గొట్టినవాణ్ణి ఊరు ఏమంటుందో కూడా తెలుసు.

ఈ జవాబుతో మేము కాసేపు సంతోషించాం. కూటంలో అందరికన్నా పెద్దాయన ఒప్పుకోలేదు. మంచు సాక్షి అని మీరెలా చెబుతారు అన్నాడు. ఆ కథల్లో ఉండేది ఎలుగు, తాబేలు, పాము. అవి నిద్రపోయే కాలంలో వాటి గురించి మాట్లాడుకోవాలని నియమం పెట్టి ఉంటే? అప్పుడు మంచు సాక్షి కాదు, తలుపు. తలుపు వేసి ఉన్నప్పుడే లోపల మాట్లాడుకోవాలి. మంచు పడని ఏడు తలుపు తెరిచే ఉంది, అవి మెలకువగానే ఉన్నాయి. అప్పుడు కథ చెబితే ఎదురుగా కూర్చున్నవాడి గురించి వాడు లేనట్టు మాట్లాడినట్టే. కాబట్టి ఆ ఏడు చెప్పకూడదు.

రెండూ నిలబడే వాదాలే. కాని జవాబులు రెండూ రెండు దిక్కులకు పోతాయి. సాక్షి అంటే మంచు లేకపోయినా కథ చెప్పాలి. తలుపు అంటే చెప్పకూడదు. నియమానికి లోపలి అర్థం ఏదో తెలియకుండా బయట కూర్చున్న మేము తీర్పు చెప్పలేం. ఆ కథ ఎవరిదో వాళ్ళే చెప్పాలి. మన కొత్తల పండుగ గురించి కలెక్టరు గాని, పరిశోధన చేసే పట్నం ప్రొఫెసరు గాని తీర్పు చెబితే మనకెలా ఉంటుందో ఆ తెగలకూ అలాగే ఉంటుంది.

అయినా ఒక ప్రమాదం మాత్రం బయటినుంచి కూడా కనిపిస్తుంది. గుర్తు కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటే, అది మూడేళ్ళు రాకపోతే, అయిదేళ్ళు రాకపోతే, కథ తెలిసిన తాత ఈలోపు పోతాడు. కథ ఒక్క తరం నోట్లో ఆగిందంటే దాన్ని మళ్ళీ ఎక్కడి నుంచీ తేలేం. అది వద్దనుకుని తేదీని పట్టుకుని పోతే ఇంకో ప్రమాదం ఉంది. జనవరి వచ్చింది కథ చెప్పేద్దాం, చైత్రం వచ్చింది పండుగ చేసేద్దాం అనుకుంటే కొన్నాళ్ళకు అక్కడ ఒక గుర్తు ఉండేదనే సంగతే మరిచిపోతాం. న్యూయార్కులో 2022 ఏప్రిల్లో పుట్టిన పాపకు ఏడాదిన్నర నిండి, నడకా మాటా వచ్చేదాకా ఒక్క అంగుళం మంచు పడిన రోజు లేదు. ఆ పాపకు మంచు పోలేదు, ఎందుకంటే దానికి మంచు ఎప్పుడూ లేదు. మన పిల్లలకూ అంతే. లంబసింగిని కొర్రబయలు అని ఎందుకంటారో, రాత్రి బయట పడుకుంటే కర్రలా బిగుసుకుపోయేంత చలి అంటే ఏమిటో చెప్పగలిగిన ముసలివాళ్ళు ఉన్నంతవరకే ఆ పేరుకు అర్థం. ఆ తరవాత అది బస్సు బోర్డు మీద పేరు మాత్రమే.

ఇంకో దారి ఉందని మాలో ఒకరు అన్నారు. గుర్తు రాకపోతే తెచ్చుకోవాలి. దీనికి పెద్ద ఉదాహరణే దొరికింది. అలాస్కాలో యాంకరేజ్ అనే ఒడ్డు ఊరు ఉంది, దెనైనా తెగ నేల. అక్కడి నుంచి ఏటా ఇడిటరాడ్ అనే కుక్కబండ్ల పందెం బయలుదేరుతుంది. కుక్కబండ్లంటే అక్కడ ఆట ఒక్కటే కాదు. 1925లో నోమ్ ఊళ్ళో పిల్లలకు గొంతువాపు రోగం వస్తే 20 మంది బండివాళ్ళు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ 670 మైళ్ళకు పైగా మంచులో మందు చేర్చారు. వాళ్ళలో చాలామంది అక్కడి తెగలవాళ్ళే. 2016లో పందెం మొదలుపెట్టే వీధిలో చాలినంత మంచు లేకపోయింది. లోపలి ఊరు ఫెయిర్‌బాంక్స్ నుంచి రైలు పెట్టెల్లో మంచు తెచ్చి యాంకరేజ్ వీధిలో పరిచారు. మంచు లేకనే 2003లో, 2015లో, 2017లో, 2025లో అసలు పందెం మొదలయ్యే చోటునే ఫెయిర్‌బాంక్స్‌కు మార్చారు.

రైలులో మంచు అనగానే మేము నవ్వాం. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకంటే మాలో ఒకరి ఊళ్ళో చెట్లు కాయని ఏడు కొత్తల పండుగకు మామిడికాయలు సంతలో కొన్నారు. మైదానం నుంచి వ్యానులో వచ్చిన కాయలు అవి. రైలు మంచుకూ వ్యాను కాయకూ తేడా ఏమిటి? దిసారి ఆ రోజు ఏం చేశాడో ఆయన చెప్పాడు. కాయను ఆకు మీద పెట్టి, మొక్కడానికి ముందు, అందరూ వినేలా అన్నాడట: "తల్లీ, ఇది మన చెట్టుది కాదు. సంతలో కొన్నది. ఈ ఏడు మన చెట్టు ఇవ్వలేదు." ఆ తరవాతే కాయ కోశాడు.

మాకు దొరికిన జవాబు లాంటిది ఏదైనా ఉంటే అది ఇక్కడే దొరికింది. నియమాన్ని ఆపలేదు, గుర్తు వచ్చినట్టు నటించనూ లేదు. రాలేదని పైకి చెప్పి మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాట వల్ల అక్కడున్న పిల్లలకు రెండూ తెలిశాయి, పండుగ ఉందనీ, చెట్టు ఇవ్వాల్సి ఉండిందనీ. యాంకరేజ్‌వాళ్ళూ దాచలేదు, రైలు ఎందుకు వచ్చిందో ఊరందరికీ తెలుసు. కాని తెలియడం వేరు, ఆ తెలిసినదాన్ని పండుగలోనే ఒక మాటగా చేర్చుకోవడం వేరు అని మాకు అనిపించింది. పెద్దాయన దీనికీ పూర్తిగా తల ఊపలేదు. ఏటా అదే మాట చెప్పాల్సి వస్తే అది కూడా మంత్రంలా అర్థం లేకుండా పోతుంది అన్నాడు. నిజమే కావచ్చు.

లెనాపేల దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. ఎందుకంటే ఈ ప్రశ్న వాళ్ళకు 2023లో కొత్తగా రాలేదు. 1737లో పెన్సిల్వేనియాలో మనిషి ఒకటిన్నర రోజులో నడిచినంత నేల అని చెప్పి, పరుగెత్తేవాళ్ళను పెట్టి వాళ్ళ భూమి లాక్కున్నారు. అక్కడి నుంచి తరం తరానికీ పడమరకు తోశారు. ఇప్పుడు వాళ్ళలో ఎక్కువమంది ఉన్నది ఓక్లహోమాలో, విస్కాన్సిన్‌లో, కెనడాలోని ఒంటారియోలో. సముద్రపు ఒడ్డు మంచు మాయం కాకముందే వాళ్ళను ఆ మంచు దగ్గర నుంచి తరిమేశారు. ఓక్లహోమాలో మంచు పలచన. అయినా కథలకు చలికాలమే కాలం అనే మాట అక్కడ పుట్టిన పెద్దల నోట నిలిచింది. నోరా థాంప్సన్ డీన్ అని ఒక పెద్దావిడ ఉండేది, 1907లో ఓక్లహోమాలోనే పుట్టింది, 1984లో పోయింది. లెనాపే భాష ధారాళంగా వచ్చిన చివరి కొద్దిమందిలో ఒకరు. తన భాషనూ ఆచారాలనూ వచ్చినవాళ్ళందరికీ నేర్పింది, గొంతు రికార్డు చేయించింది. పూర్వీకుల ఒడ్డు పోయింది, ఆ ఒడ్డు చలి పోయింది, నియమం మాత్రం మనుషుల వెంట నడిచి వచ్చింది.

ఇది చదివేటప్పుడు మాకు పోలవరం ముంపు ఊళ్ళు గుర్తొచ్చాయి. గోదావరి ఒడ్డు కొండల నుంచి కోయలూ కొండరెడ్లూ మైదానంలో కట్టిన కాలనీలకు వచ్చారు. వరసగా ఇళ్ళు, నీడలేని వీధులు. అక్కడ ఇప్పచెట్టు ఎక్కడుంది, పువ్వు రాలిందని ఎవరు చూసి చెబుతారు? వాళ్ళ ముందున్న ప్రశ్న లెనాపేలదే. వాతావరణం మారి గుర్తు పోయినా, మనుషుల్ని లేపి వేరేచోట పడేసి గుర్తు పోగొట్టినా, సాయంత్రం పిల్లవాడు అడిగే ప్రశ్న ఒకటే: పండుగ ఎప్పుడు?

తప్పు ఎవరిదనే మాట వదిలేస్తే ఈ వ్యాసం సగమే అవుతుంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెద్ద ఫ్యాక్టరీలు రాకముందు పది లక్షల పాళ్ళలో 280 పాళ్ళు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఆ తేడా లెనాపే తాత పొయ్యి వల్ల రాలేదు, మన పోడు వల్ల వచ్చిందీ కాదు. గడిచిన రెండు వందల ఏళ్ళుగా బొగ్గూ చమురూ ఎక్కువగా కాల్చిన దేశాలది పెద్ద వాటా. అయితే మనం పూర్తిగా పక్కన నిలబడి ఉన్నామని చెప్పుకోవడానికి మాకు నోరు రావడం లేదు. సింగరేణి బొగ్గు కోయల నేల కింద నుంచీ, గోండుల నేల కింద నుంచీ వచ్చిందే. నేల మనది, పొగ అందరిదీ, కరెంటు మన గూడేలకు అందరికన్నా ఆఖర్న వచ్చింది. తప్పు చేసినవాడూ నియమం తప్పాల్సి వచ్చినవాడూ ఒకడే అయితే న్యాయం తేలిక. ఇక్కడ ఒకడు కాల్చాడు, ఇంకొకడు దేవతకు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. దిసారి "మన చెట్టు ఇవ్వలేదు" అన్నప్పుడు ఆ మాట చెప్పాల్సింది నిజానికి ఆయనేనా? కూటంలో ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. సైన్యంలో చేసినాయన మాత్రం, చెప్పాల్సినవాడు రాడు గదా, ఎవరో ఒకరు చెప్పాలి అన్నారు.

ఇక బడి. కోయ, సవర, కువి, కొండ భాషల్లో మన పిల్లలకు వాచకాలు వచ్చాయి. మాలో కొందరు వాటికి కథలు ఇచ్చారు. రాత్రి నెగడు దగ్గర, పంట ఇంటికి చేరాక చెప్పే కథలు కొన్ని ఇప్పుడు జూన్ నెలలో, పగలు పదకొండు గంటలకు, బెల్లు కొట్టాక చెబుతున్నాం. కాలం మనల్ని తప్పిందని ఇంతసేపు మాట్లాడాం. ఇక్కడ కాలం తప్పింది మేమే. భాష బతకాలంటే కథ పుస్తకంలోకి రావాలి, పుస్తకంలోకి వస్తే సిలబస్ ప్రకారం నడవాలి అని మాకు మేము చెప్పుకున్నాం. అది అబద్ధం కాదు. కాని ఏ కథకు ఏ కాలమో ఆ పుస్తకాల్లో ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. చెట్టు ఇవ్వలేదని దిసారి చెప్పినంత మాత్రం కూడా మేము చెప్పలేదు.

మూడో తరగతి మాస్టారు ఈ ఏడు రెండు పనులు చేశారు. మొక్కల పాఠాన్ని ఊళ్ళో కొత్త అయ్యేదాకా వాయిదా వేశారు, తనిఖీకి వచ్చిన అధికారికి కారణం రాసిచ్చారు. గోడ మీద ఒక చార్టు అతికించారు. గడ్డి మీద మొదటిసారి మంచు పేరుకున్న రోజు, మామిడి మొదటి పూత కనిపించిన రోజు, ఇప్పపువ్వు రాలడం మొదలైన రోజు, కొత్త అయిన రోజు. ఎవరు ముందు చూస్తే వాళ్ళు పేరు రాసి తేదీ వెయ్యాలి. మామిడి పూత గడిలో ఆ పాప పేరు ఉంది. మంచు గడి ఈ ఏడు సంక్రాంతి దాకా ఖాళీగానే ఉంది. ఖాళీ గడిలో ఏం రాయాలని పిల్లలు అడిగితే, రాలేదని రాయమన్నారు.

నెగడు కథలను వాచకంలో నుంచి తీసేసి చలికాలం దాకా పక్కన పెట్టాలా, లేక ఉన్న చోటనే ఉంచి పైన కాలం పేరు రాయాలా అన్నది మాకు తెగలేదు. కూటంలో సగం మంది అటు, సగం మంది ఇటు. పై నెల సంత రోజున మళ్ళీ కూర్చుంటున్నాం. ఆ పాప అవ్వను కూడా రమ్మని కబురు పెట్టాం.